పుల్లమ్మ తీసిన చీటీ

ఆ ఊళ్ళో పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళిన మొదటి మనిషి సంతోషకుమారి టీచరు. బహుశా చివరి మనిషి కూడా ఆవిడే అయ్యుంటుంది. నల్లపాడు స్టేషనుకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో గేదెకు సుస్తీ చేస్తే ఇంటిల్లిపాదికీ ముద్ద దిగదు గానీ, పిల్లికి సుస్తీ చేస్తే అది పిల్లి సొంత వ్యవహారం. అలాంటిది ఎనభై ఏడు మార్చి నెలలో, కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఊరంతా దగ్గుతున్న రోజుల్లో, ఆవిడ కూరగాయల బుట్టలో పిల్లిని పడుకోబెట్టి, పైన పాత తువ్వాలు కప్పి బస్సెక్కింది. కండక్టరు బుట్టలోకి తొంగిచూసి, కోడి కాదు పిల్లి అని తెలిశాక పగలబడి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

నవ్వడం తెలియని మనిషేం కాదు. మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో ఇరవై మూడేళ్ళుగా ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తోంది. పిల్లల చేత పలకల మీద ఏనుగులు గీయించి, అందులో పందిలా ఉన్నదానికి కూడా మార్కులు వేసే రకం. నలభై అయిదేళ్ళు దాటాయి. మొగుడు పోయి ఇరవై ఒక్క ఏళ్ళు, అత్తగారు పోయి మూడేళ్ళు. బడి వెనకాల రెండు గదుల ఇంట్లో ఆవిడా, ఆ పిల్లీ. మిరపకాయల రోజుల్లో మాత్రం ఆవిడ వేరే మనిషి అయిపోయేది. వీధి తలుపు పగలంతా మూసే ఉంచేది. ఘాటు పడదేమో పాపం అనుకునేవాళ్ళు అందరూ.

పశువుల ఆసుపత్రి డాక్టరు జాన్ బాషా కుర్రవాడు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఆయన దగ్గరికి గేదెలు, ఎడ్లు, గొర్రెలు తప్ప మరొకటి రాలేదు. పిల్లిని చూసి మొదట తబ్బిబ్బయ్యాడు, తర్వాత లోలోపల కాస్త సంబరపడ్డాడు.

“ఎన్నాళ్ళ నుంచి తినటం లేదండీ?”

“వారం దాటింది బాబూ. నీళ్ళు మాత్రం గిన్నెలకు గిన్నెలు తాగేస్తోంది.”

“పత్తి చేలో మందు తిన్న ఎలుకనేమన్నా పట్టిందేమో.”

“అయితే ఈపాటికి పోయేదిగా.”

అదీ నిజమేనని ఆయన వేళ్ళతో పిల్లి పొట్ట మెల్లగా తడిమాడు. పిల్లి పేరు మిరియాలు. తెల్లటి ఒంటి మీద మిరియాలు చల్లినట్టు నల్లచుక్కలుంటాయి. పొట్ట కింది భాగంలో వేళ్ళు ఒక్కచోట ఆగేసరికి అది మూలిగింది. అరవలేదు, గీరలేదు, మనిషిలా మూలిగింది. ఆ మూలుగుకు సంతోషకుమారి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

“కడుపులో ఏదో ఉందండీ,” అన్నాడు జాన్ బాషా. “గర్భసంచికి చీము పట్టి ఉండొచ్చు. గడ్డ కావచ్చు. తెరిస్తేగానీ చెప్పలేను. గుండె చప్పుడులో కూడా కొంచెం తేడా ఉంది. మత్తు తట్టుకుంటుందో లేదో.”

“ఆపరేషన్ చేస్తే?”

“బతకొచ్చు. బల్ల మీదే పోనూవచ్చు.”

“చెయ్యకపోతే?”

“పది రోజులు. మహా అయితే పదిహేను. నొప్పితోనే పోతుందండీ.” ఆయన చేతులు కడుక్కున్నాడు. “ఇంకో మాట కూడా చెప్పాలి మీకు. నేను పిల్లిని కోసింది కాలేజీలో రెండే రెండుసార్లు. అబద్ధం చెప్పి ఒప్పించటం నాకు చేతకాదు. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి. చేయించేటట్టయితే గురువారం పొద్దున్నే తీసుకురండి. బుధవారం సాయంత్రం నుంచి ఏమీ పెట్టొద్దు.”

ఆ రోజు సోమవారం. ఆవిడ బుట్ట నడుముకు ఆనించుకుని బయటికి వచ్చింది. ఆ డాక్టరు ఎవరినీ బాధపెట్టాలని అన్నది కాదు గానీ, బతకొచ్చు, పోనూవచ్చు అన్న ఆ మాటలు ఆవిడ అంతకుముందు ఒకసారి విన్నది. అప్పుడు బల్ల మీద ఉన్నది మొగుడు.

ప్రేమదాసు మిరపకాయల గోడౌనులో కాటా దగ్గర పనిచేసేవాడు. పెళ్ళయిన రెండో ఏడు, అరవై ఆరులో, కడుపులో నొప్పి మొదలైంది. మిషన్ ఆసుపత్రి డాక్టరు చూసి పేగులో పుండు ఉందని, పగిలితే ప్రమాదమని, ఆపరేషన్ చేస్తే బతకొచ్చని, గుండె బలహీనంగా ఉంది కనక పోనూవచ్చని చెప్పి, మీరే తేల్చుకుని రండని పంపించాడు. అదీ మార్చి నెలే. గోడౌను ఘాటుకు అతను దగ్గేవాడు. దగ్గినప్పుడల్లా పొట్ట పట్టుకుని గోడకు ఒరిగిపోయేవాడు. ఇప్పటికీ మిరపకాయల రోజుల్లో వీధిలో ఎవరు దగ్గినా సంతోషకుమారికి అతను గోడకు ఒరిగినట్టే ఉంటుంది. తలుపు మూయడం అందుకు.

తేల్చుకోవాల్సింది పుల్లమ్మ. ప్రేమదాసు తల్లి. కూలికి వెళ్ళి మిరపకాయల తొడిమలు తీసి ఒక్కగానొక్క కొడుకును పెంచుకున్న మనిషి. వాళ్ళ చర్చి సంఘంలో ఏ పెద్ద విషయమైనా తేల్చడానికి ఒక పద్ధతి ఉండేది. రెండు చీటీలు రాయించి, ఒడిలో వేసుకుని, మోకాళ్ళ మీద ప్రార్థన చేసి, కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. వచ్చిందే దేవుడి మాట. పాస్టరుగారికి ఈ పద్ధతి నచ్చేది కాదు. ఆదివారం ప్రసంగంలో తిట్టేవారు కూడా. ఆయన కూతురి సంబంధం మాత్రం చీటీ వేసే ఖాయం చేశారని ఆడవాళ్ళందరికీ తెలుసు.

పుల్లమ్మకు అక్షరం ముక్క రాదు. ఇంట్లో కోడలు పంతులమ్మ. కాబట్టి చీటీలు కోడలే రాసింది. గీతల నోటుబుక్కులోంచి కాగితం చింపి ఒకదాని మీద ‘చేయించు’ అని, రెండోదాని మీద ‘వద్దు’ అని రాసి నాలుగేసి మడతలు పెట్టింది. తెల్లవారుజామున తూర్పు మూల చాప మీద పుల్లమ్మ మోకరించింది. కొంగులో చీటీలు కలిపింది. చాలాసేపు ప్రార్థించింది. ఒకటి తీసి కోడలి చేతికిచ్చింది.

“చదువే.”

సంతోషకుమారి మడత విప్పింది. చేయించు అని ఉంది.

ఇక్కడ ఆవిడ గురించి ఒక సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పదకొండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఆమె తన తల్లిని చక్రాల బల్ల మీద ఆపరేషను గదిలోకి తోసుకుపోవడం చూసింది. తల్లి వెళ్తూ వెళ్తూ జడ గట్టిగా వేసుకోమని చెప్పింది. మధ్యాహ్నానికి అదే బల్ల మీద, ముఖం మీద కూడా దుప్పటి కప్పి, బయటికి తెచ్చారు. ఒక చక్రం కిర్రుమంటూ ఉంది. తెల్లవారుజామున ఆ చీటీ చేతిలో పట్టుకున్నప్పుడు ఆమెకు వినపడింది ఆ చక్రం చప్పుడే.

“వద్దు అని వచ్చిందత్తా,” అంది.

అంతే. ఒక్క మాట. పుల్లమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. సంతోషకుమారి ఆ చీటీని పొయ్యిలో వేద్దామని గుప్పిట బిగించింది. పుల్లమ్మ చెయ్యి చాచింది.

“ఇటియ్యి. దేవుడి మాట పొయ్యిలో ఏస్తారటే?” అని లాక్కుని కొంగు చివర ముడేసుకుంది. రెండో చీటీ మాత్రం కోడలు కాల్చేసింది.

ప్రేమదాసు పదకొండు రోజులు మూలిగి పోయాడు. ఆపరేషన్ చేయించి ఉంటే బతికేవాడని ఎవరూ చెప్పలేరు. గుండె బాగాలేదు, బల్ల మీదే పోయేవాడేమో. ఆ ‘ఏమో’తోనే సంతోషకుమారి మిగతా కాపురం చేసింది. బతికేవాడని ఎవరైనా ఖచ్చితంగా చెబితే ఏడ్చి ఊరుకునేది. పోయేవాడని చెబితే నిద్రపోయేది. ఇదీ కాక, అదీ కాక, ప్రతి మార్చిలోనూ ఆ పదకొండు రోజులు మళ్ళీ మొదట్నుంచి నడిచేవి.

అంతకంటే పెద్ద శిక్ష గుళ్ళో పడేది. ఏటా కొడుకు పోయిన ఆదివారంనాడు పుల్లమ్మ లేచి నిలబడి సాక్ష్యం చెప్పేది. “నా దేవుడు వద్దన్నాడు. నేనిన్నాను. నా కొడుకు కత్తి కింద పోలా, నా ఒళ్ళో పోయాడు. ఆయన మాట జవదాటలా నేను.” సంఘమంతా ఆమేన్ అనేది. కొడుకు పోయిన మనిషికి ఆ మాటే ఊతకర్ర. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న సంతోషకుమారి చాప పుల్లలు లెక్కపెడుతూ ఉండేది. ఆ ఊతకర్ర పీకేసే ధైర్యం లేదు, అది అబద్ధమని మరిచిపోయే వీలూ లేదు.

మారుమనువు చేసుకోమని పుల్లమ్మే రెండుసార్లు సంబంధం చూసింది. కోడలు ఒప్పుకోలేదు. మొగుడి మీద అంత ప్రేమ అని ఊరు మెచ్చుకుంది. ప్రేమ లేదని కాదు. కానీ అసలు సంగతి, ఆ ఇంట్లో ఎక్కడో ఒక చీటీ ఉంది. దాన్ని వదిలి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. అత్త కూలికి వెళ్ళినప్పుడల్లా రేకుపెట్టె వెతికింది, దిండు వెతికింది, చాప చుట్ట విప్పి దులిపింది. దొరకలేదు. చిరిగి పోయుంటుందిలే అనుకునేది. ఆ అనుకోవడం ఒక్క పూట కూడా నిలిచేది కాదు.

డెబ్భై తొమ్మిదిలో ప్రభుత్వం వయోజన విద్యా కేంద్రం పెట్టింది. పాఠం చెప్పే బాధ్యత మరెవరి మీద పడుతుంది, సంతోషకుమారి మీదే పడింది. మొదటి సాయంత్రం మొదటి వరసలో పలక పట్టుకుని కూర్చున్నది పుల్లమ్మ. అరవైకి దగ్గరపడిన మనిషి, చిన్నపిల్లలాగా ముందు కూర్చుంది.

ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో సంతోషకుమారి చేసిన ఒకే ఒక్క దొంగపని అప్పుడు చేసింది. మిగతా ఆడవాళ్ళు ఆర్నెల్లలో సంతకాలు పెట్టి, బస్సు బోర్డులు చదివే దాకా వచ్చారు. అత్తను మాత్రం అచ్చుల దగ్గరే తొక్కిపెట్టింది. ఇంకా గుండ్రంగా రాలేదత్తా అనేది. మళ్ళీ దిద్దమనేది. పుల్లమ్మ ఎదురు చెప్పేది కాదు. దిద్దేది.

కానీ అక్షరాలు పలకల మీదే ఉంటాయా? ఒకనాడు గుడి నుంచి వస్తుంటే ఆరోగ్య కేంద్రం గోడ దగ్గర పుల్లమ్మ ఆగింది. ఇద్దరు పిల్లలు చాలు, ఆపరేషన్ చేయించుకోండి అని నీలిరంగులో బారెడేసి అక్షరాలు. ఊరూరా ఉండే రాతే. ఎవరూ దాన్ని చూడను కూడా చూడరు. పుల్లమ్మ గోడ మీద వేలు పెట్టింది.

“ఈ మాటేందే?”

“చేయించుకోండి,” అనేసింది సంతోషకుమారి. నోట్లోంచి ఊడిపడ్డాక గానీ తెలియలేదు.

“ఊ,” అంది పుల్లమ్మ. ఆ మాట మీద వేలు మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరికి జరిపి, ఇంటికి నడిచింది.

ఆ మరుసటి ఏడు కొడుకు పోయిన ఆదివారం వచ్చింది. పాస్టరుగారు పుల్లమ్మ వైపు చూశారు. పుల్లమ్మ లేవలేదు. ఆ తర్వాత ఏనాడూ లేవలేదు. మోకాళ్ళ నొప్పులనుకున్నారు జనం. సంతోషకుమారి కూడా అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నించింది. ఆ ఎండాకాలమే పుల్లమ్మ ఒక బొంత కుట్టింది. కోడలి తెల్ల పెళ్ళిచీరా, కొడుకు లుంగీలూ కలిపి కుట్టి, “ఇది నువ్వే కప్పుకో,” అని చేతికిచ్చింది. ఇంకో రోజు ఇద్దరూ వరండాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంటే, ఏ సందర్భమూ లేకుండా అడిగింది.

“మీ అమ్మని బల్ల మీద చూసినప్పుడు నీకెన్నేళ్ళే?”

“పదకొండత్తా.”

“చిన్నదానివి,” అంది పుల్లమ్మ. మళ్ళీ తొడిమలు తీయడంలో పడింది.

మిరియాలు పుల్లమ్మ పిల్లే. కళ్ళు తెరవని కూనను గోడౌను నుంచి కొంగులో వేసుకుని తెచ్చింది. ఎనభై నాలుగు వానాకాలంలో జ్వరంతో పోతూ, “పిల్లిని చూసుకోవే. దానికీ ఎవరూ లేరు,” అంది. ఆ ‘కీ’ ఎవరి గురించో సంతోషకుమారి అడగలేదు. అత్త పోయిన దగ్గర్నుంచి ఆ బొంత తను కప్పుకోలేక పిల్లికి పరిచింది. తూర్పు మూలన, పుల్లమ్మ మోకరించే చోట. ప్రతి తెల్లవారుజామునా పిల్లి లేచి ఆ మూలకు ఎదురుగా కూర్చుని, ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు, చాలాసేపు గోడకేసి చూసేది. సంతోషకుమారి మాత్రం ఆ సమయానికి వీపు అటు పెట్టి పొయ్యి వెలిగించుకునేది.

ఇప్పుడు ఆ పిల్లి మూలుగుతోంది, అచ్చం ఆ పదకొండు రోజుల మూలుగే.

మంగళవారం మధ్యాహ్నం ఎదురింటి కోటిరత్నం వచ్చింది. ఆరెకరాల పత్తి రైతు భార్య. నోరు పెద్దది, మనసూ పెద్దదే, కానీ నోరు ముందు వస్తుంది.

“ఏందమ్మా పంతులమ్మా, పిల్లికి ఆపరేషనంట! ఊరంతా చెప్పుకుంటన్నారు. ఆ గేదెల డాక్టరు కత్తి పెడితే నీ పిల్లి రెండు ముక్కలైపోద్ది గదా!”

“ఇంకా ఏమీ తేల్చుకోలేదు వదినా.”

కోటిరత్నం పిల్లి దగ్గర గొంతుక్కూర్చుంది. దాని పొట్ట చూసింది, తడిసిన బొంత చూసింది. గొంతు తగ్గించింది.

“పాపం, మా లేగదూడ కూడా ఇట్టానే కళ్ళు తేలేసింది. ఒక మాట చెప్పనా? మీ అత్తమ్మ చీట్లు ఏసేది గదా. నువ్వు కూడా ఏసుకో. రాయి, నేను తీస్తా. నాకు చదువు రాదు గాబట్టి దొంగాట కుదరదు.”

సంతోషకుమారి ముఖం పాలిపోయింది. ఆ మాట అన్నది కోటిరత్నమే అయినా, కూర్చున్నది తూర్పు మూలలో. అక్కడి నుంచి అత్తే చెయ్యి చాచి ‘చదువే’ అన్నట్టు అనిపించింది.

“వద్దు,” అంది.

“అదేంది, మంచి మాట చెప్తే అట్టా ఉలిక్కిపడతావ్?”

“చీటీలు వద్దు వదినా. నేను రాయలేను.”

కోటిరత్నం పోయాక కూడా ఆవిడ అక్కడే కూర్చుంది. రాయలేనన్నది గానీ, సాయంత్రానికి గీతల కాగితం చింపనే చింపింది. ‘వద్దు’ అని ఒక చీటీ రాసింది. రెండో చీటీ మీద కలం ఆనించింది. చేయి కదలలేదు. ఒకే మాట రాసిన చీటీతో ఏం చీటీ వేస్తుంది? చించి పారేసింది.

బుధవారం మధ్యాహ్నానికి ఒక నిర్ణయానికి వచ్చింది. చేయించదు. ముసలిదైపోయింది, గేదెల డాక్టరు, చేయి అలవాటు లేదు, గుండె బాగాలేదు, తెలియని బల్ల మీద బెదిరి పోయేకంటే అలవాటైన మూలలో, తన చేతుల్లో పోనీ. వినడానికి ఎంత బాగుందో చూడండి. భయానికి మనం పెట్టే పేర్లన్నీ ఇలాగే ముద్దుగా ఉంటాయి. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట కూడా ఆమె తనకు ఇవే మాటలు చెప్పుకుంది. ఆ సంగతి తెలిసి కూడా చెప్పుకుంది.

పోయేదాకా శుభ్రంగానైనా ఉంచుదామని, పిల్లిని తువ్వాలు మీదికి మార్చి బొంత ఉతకడానికి తీసింది. ఎండలోకి తెచ్చి దులిపింది. ఒక మూల, ప్రేమదాసు నీలం లుంగీ గుడ్డతో వేసిన మాసిక ఉంది. పిల్లి ఎప్పుడూ ఆ మూల మీదే ముందుకాళ్ళతో తొక్కి తొక్కి పడుకునేది. గోళ్ళకు కుట్టు ఊడి, లోపల ఏదో మెరిసింది. దారం లాగింది. పత్తి విత్తనాల పాకెట్టు ప్లాస్టిక్ ముక్క, మడత మీద మడత, దారంతో కట్టి ఉంది. నీళ్ళు తగలకుండా. కోడలు వారం వారం ఉతుకుతుందని తెలిసిన మనిషి కట్టిన కట్టు.

లోపల గీతల కాగితం. పసుపు రంగుకు తిరిగింది. నాలుగు మడతలు.

అది ఏమిటో విప్పకముందే తెలుసు. ఆవిడ వరండా గడప మీద కూర్చుండిపోయింది. విప్పింది. తన అక్షరాలే, పెళ్ళయిన రెండేళ్ళ నాటి గుండ్రటి అక్షరాలు. చేయించు.

దాని కింద పెన్సిలుతో అదే మాట మళ్ళీ రాసి ఉంది. వంకరటింకరగా, ఒక అక్షరం ఎక్కడో, ఇంకో అక్షరం ఎక్కడో. దాని కింద మళ్ళీ. ఈసారి కాస్త నయం. దాని కింద మూడోసారి. గీత మీద నిలబడ్డ అక్షరాలు, తిన్నగా, గట్టిగా నొక్కి రాసినవి. చేయించు.

ఎవరి చేతిరాతో ఒకటో తరగతి పంతులమ్మకు చెప్పాలా? తను అచ్చుల దగ్గర తొక్కిపెట్టిన విద్యార్థిని. గోడ మీద చూసి నేర్చుకుంది. ఇంటికొచ్చి కొంగు ముడి విప్పుకుని చూసుకుంది. దేవుడు వద్దనలేదని తెలుసుకుంది. ఇన్నేళ్ళు గుళ్ళో నిలబడి తను చెప్పినదంతా కోడలి అబద్ధమని తెలుసుకుంది. ఆ రాత్రి కూడా కోడలికి అన్నం పెట్టే ఉంటుంది. మర్నాడు కూడా పెట్టింది. నాలుగేళ్ళు పెట్టింది. ఒక్క మాట అడగలేదు. ఏడాదికోసారి లేచే చోట లేవడం మానుకుంది. ఒకసారి మాత్రం, మీ అమ్మని చూసినప్పుడు నీకెన్నేళ్ళే అని అడిగింది. చిన్నదానివి అంది. ఆ చీటీని బొంతలో కుట్టి, నువ్వే కప్పుకో అని కోడలి చేతికిచ్చింది.

క్షమించి ఇచ్చిందో, మొయ్యమని ఇచ్చిందో. రెండూ కావచ్చు. అడగడానికి మనిషి లేదు. సంతోషకుమారి కాగితం ఒళ్ళో పెట్టుకుని, మొగుడు పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. వీధిలో వెళ్ళేవాళ్ళు పిల్లి చచ్చిపోయిందనుకున్నారు.

కళ్ళు తుడుచుకున్నాక, మొదట చేసిన పని, పిల్లి ముందున్న పాల గిన్నె తీసేయడం. బుధవారం సాయంత్రం నుంచి ఏమీ పెట్టొద్దన్నాడు డాక్టరు.

గురువారం పొద్దున్న బస్సు దగ్గరికి కోటిరత్నం కూడా తయారై వచ్చింది. “నేను వస్తా. నువ్వు అక్కడ పడిపోతే పిల్లిని పట్టుకోవాలా, నిన్ను పట్టుకోవాలా ఆ డాక్టరు పిల్లోడు?” అని బుట్ట తన ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడవునా కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. బస్సులో జనం దగ్గుతున్నారు.

జాన్ బాషా ముందు రిజిస్టరు తెరిచాడు.

“బాగా ఆలోచించుకున్నారా టీచరుగారూ?”

“ఆలోచించుకున్నాను బాబూ.”

“ఏమన్నా జరిగితే...”

“జరగొచ్చని చెప్పావుగా. నువ్వు నిజం చెప్పావు. అది చాలు.”

ఆయన కలం తీశాడు. “యజమాని పేరు?”

“బత్తుల పుల్లమ్మ.”

“మీరు కాదాండీ?”

“మా అత్తగారు. పిల్లి ఆవిడది.”

“మరి ఆపరేషనుకు ఆవిడ ఒప్పుకున్నారా?”

“ఒప్పుకుంది బాబూ,” అంది సంతోషకుమారి. “రాసిచ్చింది.”

కోటిరత్నం నోరు తెరిచింది. మూడేళ్ళ కిందట పుల్లమ్మ సమాధి మీద తానూ ఒక గుప్పెడు మట్టి వేసి వచ్చింది. పంతులమ్మ ముఖంలోకి చూసి, ఏమనుకుందో, తెరిచిన నోరు మూసేసుకుంది. ఆవిడ జీవితంలో ఇలా జరగడం బహుశా అదే మొదలు. డాక్టరు పేరు రాసుకున్నాడు. కింద సంతోషకుమారి సంతకం పెట్టింది.

లోపలికి తీసుకెళ్ళడానికి అక్కడ చక్రాల బల్ల లేదు. డాక్టరే పిల్లిని రెండు చేతుల మీద ఎత్తుకుని వెళ్ళాడు. ఆవరణలో ఒక గేదె దూడను నాకుతూ నిలబడి ఉంది. సంతోషకుమారి బెంచీ మీద కూర్చుంది. తనకు పదకొండేళ్ళప్పటి చక్రం చప్పుడు కోసం చెవులు వాటంతటవే ఎదురుచూశాయి. చీటీ కట్టుకున్న కొంగు ముడి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ప్రార్థన చేయలేదు. ఏమని అడుగుతుంది? అడిగినప్పుడు దేవుడు జవాబిచ్చాడుగా ఒకసారి.

గంటంబావుకు జాన్ బాషా చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

“చీమేనండీ. గర్భసంచి తీసేశాను. మధ్యలో ఒకసారి గుండె ఆగినంత పనైంది. నాకూ ఆగింది. మళ్ళీ అందుకుంది. ఇంకా భయం పోలేదు, రెండు రోజులు గడవాలి.”

“నీకు పుణ్యం ఉంటది నాయనా,” అంది కోటిరత్నం, మొన్న తిట్టిన సంగతి ఎప్పుడో మరిచిపోయి.

సాయంత్రం ఎండ వాలే వేళకు ఇంటికి చేరారు. ఉతికి ఆరేసిన బొంత తెచ్చి సంతోషకుమారి తూర్పు మూలలో పరిచింది. నీలం లుంగీ మూల మళ్ళీ కుట్టలేదు. మత్తు ఇంకా దిగని మిరియాలను మెల్లగా దాని మీద పడుకోబెట్టింది. పొట్ట మీద బొచ్చు గీసేసి, కుట్ల మీద పసుపురంగు మందు రాశారు. ఊపిరి చిన్నగా ఆడుతోంది. ఈ రాత్రి దాటుతుందో లేదో.

ఆవిడ ఆ మూలకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. మూడేళ్ళుగా వీపు పెట్టిన మూల అది. కొంగు ముడి విప్పి చీటీ తీసి బొంత మీద పెట్టింది.

“చేయించానత్తా,” అంది.

కల్లాల మీదుగా గాలి తిరిగి మిరపఘాటు ఇంట్లోకి వచ్చింది. వీధిలో ఎవరో మగమనిషి ఆగి, గోడకు చెయ్యి ఆనించి, చాలాసేపు దగ్గాడు. సంతోషకుమారి లేచి తలుపు మూయలేదు. అతని దగ్గు ఆగేదాకా వింటూ, పిల్లి పక్కనే కూర్చుంది.